పాత తెరచాప ఓడ కెప్టెన్ కెరీర్‌ను కాగితాల్లో వెతికి పట్టుకోవడం ఎలా

ఇప్పుడు గ్రీనిచ్‌లో మ్యూజియంగా నిలబడి ఉన్న కట్టీ సార్క్ ఓడ 1882-83 ప్రయాణంలో మద్రాసు, భీమునిపట్నం, కాకినాడ రేవుల్లో బెల్లం, కరక్కాయలు వగైరా ఎత్తుకుని లండన్ వెళ్లింది. కరక్కాయలు ఇంగ్లండ్‌లో తోళ్లు పదును చేయడానికి. అప్పుడు ఆ ఓడకు కెప్టెన్ ఫ్రెడరిక్ మూర్. అలాంటి బ్రిటిష్ వర్తక ఓడ కెప్టెన్ ఒకరి పేరు మీకు ఎక్కడో తగిలిందనుకోండి. భీమిలి సమాధి రాయి మీద కావచ్చు, పాత దస్తావేజులో కావచ్చు. లేదా మీ పూర్వీకులు మద్రాసు నుంచి మారిషస్‌కో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కో వెళ్లిన కాగితంలో ఓడ పేరు మాత్రమే ఉండొచ్చు. అక్కడినుంచి ఆ మనిషి ఎక్కడ పుట్టాడు, ఎన్నేళ్లకు మేట్ (కెప్టెన్ కింది అధికారి) అయ్యాడు, ఏయే ఓడలు నడిపాడు, ఎలా ముగించాడు అనేది చాలావరకు రాబట్టవచ్చు. 1850 తర్వాత బ్రిటిష్ వర్తక నౌకాదళం అంత కాగితం రాసింది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట మనసులో ఉంచుకోండి: పేరు వెంట పోవద్దు, నంబర్ల వెంట పొండి. వెతికేవాళ్లలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కట్టీ సార్క్‌నే తీసుకోండి. 1872-73లో దాని కెప్టెన్ ఫ్రాన్సిస్ మూర్. పదేళ్ల తర్వాత, 1882 నుంచి 1885 దాకా, ఫ్రెడరిక్ మూర్. ఇద్దరూ ఎఫ్. మూర్‌లే. ఒకే ఓడ, ఒకే యజమాని జాన్ విలిస్, ఒకే పొడి అక్షరం. పేరు మాత్రమే పట్టుకుంటే ఇద్దరు మనుషుల జీవితాలు కలిపి ఒకడికి అంటగట్టేస్తారు. వేల్స్ కెప్టెన్లతో ఇంకా కష్టం. ఒక్కో రేవులో డజన్ల కొద్దీ జాన్ జోన్స్‌లు, డేవిడ్ డేవిస్‌లు ఉంటారు.

మీకు కావలసినవి రెండు నంబర్లు: ఓడ అధికారిక నంబరు, మనిషి సర్టిఫికెట్ నంబరు. రెండూ దొరికితే సగం పని అయినట్టే.

ముందు ఓడ నంబరు

1854 వర్తక నౌకా చట్టం ప్రకారం 1855 నుంచి ప్రతి బ్రిటిష్ రిజిస్టర్డ్ ఓడకూ ఒక అధికారిక నంబరు ఇచ్చారు. దాన్ని ఓడ ప్రధాన దూలం మీద చెక్కేవాళ్లు. యజమాని మారినా, పేరు మారినా, రిజిస్టరైన రేవు మారినా నంబరు మారదు. బ్రిటిష్ జెండా కింద ఉన్నంతకాలం అదే. కట్టీ సార్క్ నంబరు 63557. 1895లో పోర్చుగీసు వాళ్లకు అమ్మేశాక దాని పేరు ఫెరైరా అయింది. బ్రిటిష్ కాగితాల్లో వరస అక్కడ తెగిపోయింది. కాబట్టి ఓడ అకస్మాత్తుగా కనబడకుండా పోతే మునిగిపోయిందని రాసేయకండి. నార్వేకో ఇటలీకో అమ్ముడుపోయి ఉండొచ్చు.

నంబరు తెలుసుకోవడానికి తేలిక దారి క్రూ లిస్ట్ ఇండెక్స్ ప్రాజెక్ట్ వారి ఉచిత వెబ్‌సైట్. ఓడ పేరు కొడితే ఆ పేరున్న ఓడలన్నీ నంబర్లతో వస్తాయి. ఒకే పేరు ఇరవై ఓడలకు ఉండటం మామూలే. అప్పుడు మూడు ఆనవాళ్లతో వడపోయండి: టన్నేజీ, రిజిస్టరైన రేవు, ఓడ రకం. పాత పత్రికల్లో ఓడ పేరు పక్కన టన్నులు వేస్తారు, అది బాగా పనికొస్తుంది. కట్టీ సార్క్ గ్రాస్ (మొత్తం) టన్నేజీ 963, నెట్ (సరుకు చోటు) 921. పత్రికలు సాధారణంగా నెట్ వేస్తాయి. 921కి బదులు 963 కోసం వెతికితే సరైన ఓడను మీరే పక్కన పెట్టేస్తారు. అయిదారు టన్నుల తేడాను మాత్రం పట్టించుకోకండి, మరమ్మతు తర్వాత మళ్లీ కొలిస్తే అంతమాత్రం మారుతుంది.

తర్వాత లాయిడ్స్ రిజిస్టర్ తీయండి. ఏటా వచ్చే ఆ పుస్తకంలో ఓడ పక్కన కెప్టెన్ పేరు కూడా ఉంటుంది. కానీ దాన్ని నమ్మి తేదీలు వేయకండి. కెప్టెన్ మారాడన్న కబురు ప్రచురణకర్తలకు ఆలస్యంగా చేరేది. దిగిపోయిన మనిషి పేరు మరుసటి ఏడాది కూడా అచ్చవుతూ ఉండేది. పైగా ఆ పుస్తకం ఏడాది జులైలో మొదలవుతుంది. 1878 సంచిక అంటే 1878 జులై నుంచి 1879 జూన్ దాకా. ఈ పుస్తకం ఓడను గుర్తించడానికి మంచిది, మనిషిని తేల్చడానికి కాదు.

మనిషి నంబరు: సర్టిఫికెట్

1850 చట్టంతో, 1851 జనవరి 1 నుంచి విదేశీ ప్రయాణాలు చేసే బ్రిటిష్ ఓడల కెప్టెన్లకూ మేట్లకూ సర్టిఫికెట్ తప్పనిసరైంది. అప్పటికే ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు పరీక్ష లేకుండా సర్వీస్ సర్టిఫికెట్ ఇచ్చారు. కొత్తవాళ్లు పరీక్ష రాసి కాంపిటెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 1845 నుంచి స్వచ్ఛంద పరీక్షలు కూడా ఉండేవి. 1845-50 మధ్య పాసైనవాడు కనిపిస్తే పట్టుదల ఉన్న మనిషే అనుకోవచ్చు.

నియమాలు గుర్తుపెట్టుకోండి, తప్పులు పట్టడానికి ఇవే కొలబద్ద. సెకండ్ మేట్ కావాలంటే 17 ఏళ్లు నిండాలి, 4 ఏళ్లు సముద్రం మీద గడిపి ఉండాలి. ఫస్ట్ మేట్‌కు 19 ఏళ్లు, 5 ఏళ్ల అనుభవం. మాస్టర్‌కు, అంటే కెప్టెన్‌కు, 21 ఏళ్లు, 6 ఏళ్ల అనుభవం, అందులో కొంతకాలం మేట్‌గా చేసి ఉండాలి. మీరు కట్టిన వరసలో మనిషి 18వ ఏట కెప్టెన్ అయితే ఆ పేరున్న ఇంకొకణ్ణి పట్టుకున్నారన్నమాట.

దరఖాస్తు కాగితం దొరికితే పండగే. పుట్టిన ఊరు, తేదీ, చిరునామా, అప్పటిదాకా పనిచేసిన ఓడలు, హోదా, తేదీలు అన్నీ అందులో ఉంటాయి. 1850-1927 దరఖాస్తులు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి. ఆన్‌సెస్ట్రీ వెబ్‌సైట్‌లో స్కాన్లు చూడొచ్చు. సర్టిఫికెట్ల రిజిస్టర్లు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో బీటీ (బోర్డ్ ఆఫ్ ట్రేడ్) 122 నుంచి బీటీ 127 వరకు ఉన్న శ్రేణుల్లో ఉన్నాయి. సెకండ్ మేట్ అయినప్పుడు వచ్చిన నంబరే సాధారణంగా మాస్టర్ అయ్యాక కూడా కొనసాగుతుంది. అందుకే అది మనిషికి ఆధార్ నంబరు లాంటిది.

రెండు జాగ్రత్తలు. కాగితాల్లో అసలు పదం మాస్టర్; కెప్టెన్ అనేది మర్యాద కోసం పిలిచే పిలుపు. కాబట్టి మాస్టర్, మాస్టర్ మారినర్ అని వెతకండి. మద్రాసు ప్రెసిడెన్సీలో కెప్టెన్ అని రాసి ఉన్నవాళ్లలో సైన్యం వాళ్లే ఎక్కువ. రెండోది పుట్టిన తేదీ. చిన్న వయసులో ఓడెక్కడానికి ఏడాది రెండేళ్లు పెంచి చెప్పడం, తర్వాత దాన్నే మోస్తూ రావడం మామూలు. చర్చి బాప్టిజం రిజిస్టరుతో పోల్చకుండా ఖాయం చేయకండి.

లాయిడ్స్ కెప్టెన్స్ రిజిస్టర్

లాయిడ్స్ రిజిస్టర్ వేరు, ఇది వేరు. ఇది పూర్తిగా కెప్టెన్ల పుస్తకం. లండన్ బీమా వ్యాపారులకు ఓడ ఎంత గట్టిదో ఎంత ముఖ్యమో, దాన్ని నడిపేవాడు ఎలాంటివాడో కూడా అంతే ముఖ్యం. అందుకే ఒక్కో మనిషికి పుట్టిన ఊరు, ఏడాది, సర్టిఫికెట్ నంబరు, పరీక్ష రాసిన చోటు, ఆ తర్వాత ఓడల వరస, ఒక్కోదానిలో చేరిన నెల, దిగిన నెల, ప్రయాణ ప్రాంతం పొడి అక్షరాల్లో, ప్రమాదాలు జరిగితే అవీ రాశారు. 1869లో మొదలైనా 1851 దాకా వెనక్కి వెళుతుంది. మూలం లండన్ ఆర్కైవ్స్‌లో ఉంది. ప్రాంతాల పొడి అక్షరాలకు అర్థం పుస్తకం మొదట్లో ఉంటుంది; దాన్ని ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, లేకపోతే ప్రతి వరసకూ వెనక్కి తిప్పాలి.

ఇక్కడ ఓపిగ్గా కూర్చుంటే కెరీర్ వెన్నెముక మొత్తం ఒక్క పేజీలో వచ్చేస్తుంది. ఇక కండ పట్టించడమే.

సిబ్బంది ఒప్పందాలు

అసలైన గని ఇదే. ప్రతి విదేశీ ప్రయాణానికీ కెప్టెనూ సిబ్బందీ ఒప్పందం మీద సంతకం చేయాలి. అందులో ఒక్కో మనిషి వయసు, పుట్టిన ఊరు, అంతకుముందు పనిచేసిన ఓడ, చేరిన చోటు, తేదీ, జీతం, దిగిన చోటు, కారణం ఉంటాయి. కెప్టెన్ పేరు, చిరునామా, సర్టిఫికెట్ నంబరు కూడా ఉంటాయి. కెప్టెన్ జీతం గడి చాలాసార్లు ఖాళీ. అది యజమానికీ అతనికీ మధ్య వేరే మాట.

ఈ ఒప్పందాలు ఒక్కచోట లేవు. అదే చికాకు. 1861 నుంచి ఉన్నవి ఇలా పంచారు:

- ప్రతి ఏడాదికీ 10 శాతం నమూనా క్యూలో, బీటీ 99 శ్రేణిలో.
- 1861, 1862, ఆపైన 1865, 1875, 1885, 1895 ఇలా 5తో ముగిసే ఏళ్లలో మిగిలినవి గ్రీనిచ్‌లో.
- 1863 నుంచి మిగతా ఏళ్లలో సుమారు 70 శాతం కెనడాలో, న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ నగరంలో ఉన్న మారిటైమ్ హిస్టరీ ఆర్కైవ్‌లో.
- కొన్ని బ్రిటన్‌లోని జిల్లా రికార్డు ఆఫీసుల్లో.

అన్నీ ఓడ అధికారిక నంబరు ప్రకారం పేర్చి ఉంటాయి. ఆర్కైవ్‌కు ఉత్తరం రాసేటప్పుడు కెప్టెన్ పేరు చెప్పి అడిగితే వాళ్లేమీ చేయలేరు; ఓడ నంబరు, ఏడాది చెబితే వెతికి చెబుతారు. ఒక పద్ధతి: మీ కెప్టెన్ ఏదో ఒక 5తో ముగిసే ఏడాదిలో సముద్రం మీద ఉన్నాడేమో ముందు చూసి, గ్రీనిచ్‌తో మొదలుపెట్టండి. అక్కడ దొరికే అవకాశం ఎక్కువ.

ఇందులో అన్నిటికన్నా విలువైన గడి, ముందు పనిచేసిన ఓడ. దాని నుంచి ఒక మెట్టు వెనక్కి దిగవచ్చు. ఆ ఓడ నంబరు తీసి, దాని ఒప్పందం తెప్పించి, అక్కడ మళ్లీ అదే గడి చూడండి. ఇలా మూడు నాలుగు మెట్లు దిగితే మనిషి మేట్‌గా, బోసన్‌గా (నావికుల మేస్త్రీ), అప్రెంటిస్‌గా ఉన్న రోజుల దాకా వెళ్లవచ్చు. 1857 నుంచి 1913 దాకా బ్రిటన్‌లో మామూలు నావికుల కేంద్ర రిజిస్టరే లేదు. కాబట్టి సర్టిఫికెట్ రాకముందు రోజులకు ఈ గొలుసు తప్ప మరో దారి లేనట్టే. 1845-53 మధ్య సముద్రం మీద ఉన్నవాడైతే మాత్రం అదృష్టం: అప్పట్లో నావికులకు టికెట్లు ఇచ్చారు. క్యూలో బీటీ 113లో ఉన్న ఆ రిజిస్టరులో ఎత్తు, జుట్టు రంగు, ఒంటి మీద గుర్తులు కూడా ఉంటాయి. అప్రెంటిస్‌గా చేరినవాళ్ల సూచిక బీటీ 150లో, 1824 నుంచి.

దిగేటప్పుడు ప్రవర్తన గడిలో వీ.జీ. అంటే చాలా మంచిది. డి.ఆర్. అంటే కెప్టెన్ ఏమీ చెప్పడానికి ఇష్టపడలేదని. చూడటానికి మెత్తని మాటే గానీ నావికుడికి అది చెడ్డపేరు కిందే లెక్క. తర్వాతి ఓడ దొరకడం కష్టమయ్యేది. ఒకే కెప్టెన్ కింద వరసగా డి.ఆర్.లు కనిపిస్తే, రేవు రేవుకూ మనుషులు పారిపోయి ఉంటే, ఆ ఓడ మీద వాతావరణం ఎలా ఉండేదో అర్థమవుతుంది.

ఒకే ఒప్పందంలో ఇద్దరు ముగ్గురు కెప్టెన్ల పేర్లు ఉంటే కంగారు పడకండి. కట్టీ సార్క్ మీద 1878లో కెప్టెన్ టిప్టాఫ్ట్ షాంఘైలో చనిపోతే మేట్ జేమ్స్ వాలెస్ కెప్టెన్ అయ్యాడు. 1880లో ఓడ మీద ఒక హత్య జరిగింది. చంపిన మేట్‌ను పారిపోనిచ్చిన వాలెస్ తర్వాత జావా సముద్రంలో దూకేశాడు. సింగపూర్‌లో విలియం బ్రూస్ వచ్చాడు. 1882లో న్యూయార్క్‌లో, సిబ్బందికి తిండి చాలకుండా చేసినందుకు అతన్ని తప్పించి, అదే యజమాని ఓడ బ్లాక్‌ఆడర్ నుంచి ఫ్రెడరిక్ మూర్‌ను తెచ్చారు. ఆ మూరే మన రేవులకు వచ్చినవాడు. నాలుగేళ్లలో ఇంత మార్పు. ఒప్పందం మీద కెప్టెన్ మారినప్పుడు రేవు అధికారి రాసిన ఎండార్స్‌మెంట్ (మార్పు నమోదు) చదవకుండా తేదీలు వేస్తే వాలెస్ చేసినదంతా బ్రూస్ ఖాతాలో పడుతుంది.

లాస్కర్లు, అంటే మన దేశపు కలాసీలు, పనిచేసిన ఓడల్లో వాళ్లకు వేరే ఒప్పందం ఉంటుంది. పేర్లు గుమాస్తా చెవికి వినపడినట్టు రాసినవి. తెలుగు పేరు గుర్తుపట్టాలంటే పైకి చదివి వినండి.

పత్రికలు, తేదీలు

ఓడల రాకపోకల పత్రిక లాయిడ్స్ లిస్ట్ 18వ శతాబ్దం నుంచీ ఉంది. ఉచితంగా అయితే ఆస్ట్రేలియా పత్రికల ట్రోవ్, న్యూజిలాండ్ పత్రికల పేపర్స్ పాస్ట్. కెప్టెన్ ఒక్కసారైనా సిడ్నీకో ఆక్లండ్‌కో వెళ్లి ఉంటే చాలు, రాక, పోక, ప్రయాణపు గాలి వర్ణన, ప్రయాణికుల పొగడ్త లేఖ కూడా దొరకవచ్చు. పొగడ్త లేఖలు అప్పటి రివాజు. వాటిని బట్టి మనిషిని అంచనా కట్టకండి.

తేదీలు మూడు చోట్ల మోసం చేస్తాయి. పత్రికలో క్లియర్డ్ అని ఉంటే కస్టమ్స్ కాగితాలు అయ్యాయని మాత్రమే. ఓడ గాలి కోసం ఇంకో వారం రేవులోనే ఉండి ఉండొచ్చు. సెయిల్డ్ అని ఉంటేనే బయలుదేరినట్టు. రెండోది, 1870లో బ్రిటన్ నుంచి ఇండియాకు సముద్రపు కేబుల్ వచ్చేదాకా కబురు ఎక్కువగా ఉత్తరాల మీదే నడిచింది. లండన్ పత్రిక తేదీ నుంచి వారాలూ నెలలూ వెనక్కి లెక్క వేయాలి. మూడోది, ఓడ లాగ్ పుస్తకం, అంటే రోజువారీ నమోదు. పాత పద్ధతిలో ఓడ మీద రోజు మధ్యాహ్నానికి మొదలయ్యేది, అది కూడా మన క్యాలెండరు కన్నా 12 గంటల ముందు. మనకు 15వ తేదీ సాయంత్రం జరిగినది లాగ్‌లో 16గా ఉంటుంది. ఒక్క రోజు తేడా కనిపిస్తే ఎవరో తప్పు రాశారని అనుకునే ముందు ఇది చూడండి.

వేగం కూడా ఒక కొలబద్ద. రిచర్డ్ వుడ్జెట్ కెప్టెన్‌గా కట్టీ సార్క్ 1885-86లో సిడ్నీ నుంచి ఇంగ్లండ్‌కు 73 రోజుల్లో వచ్చింది. ఆ దారిలో ఎన్నదగ్గ వేగం అది. మీ పట్టికలో ఏ మామూలు సరుకు ఓడో అదే దారిని 60 రోజుల్లో వచ్చేస్తే, గొప్ప కెప్టెన్‌ను కనిపెట్టామని మురిసిపోకండి. ఎక్కడో రెండు ఓడలు కలిసిపోయాయి.

మన తీరపు పేర్లు

ఇంగ్లీషు కాగితాల్లో మన రేవులు మన పేర్లతో ఉండవు. కాకినాడను కోకనాడ అని రాసేవాళ్లు, సీతో మొదలుపెట్టి. రెండో సీ తర్వాత ఓ బదులు ఏ ఉన్న రూపం కూడా చాలా ఉంది, రెండూ వెతకండి. భీమునిపట్నం బిమ్లిపటామ్. విశాఖపట్నం విజగపటామ్, వీ ఐ జెడ్ అక్షరాలతో. మచిలీపట్నం మసూలిపటామ్. కళింగపట్నం సీ అక్షరంతో. కోరంగి కోరింగా. స్కాన్ చేసిన పత్రికల్లో యంత్రం అక్షరాలను తప్పుగా చదువుతుంది కాబట్టి రేవు పేరుతో దొరక్కపోతే ఓడ పేరు, కెప్టెన్ ఇంటిపేరు కలిపి కొట్టండి.

అప్పట్లో ఈ రేవుల్లో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు; బయట లంగరేస్తే పడవల్లో సరుకు చేరవేయాల్సి వచ్చేది. అలలు పెద్దవైతే పని ఆగేది. అందుకే ఒక్కో రేవులో వారాలు గడిచినట్టు కనిపిస్తే అది కెప్టెన్ బద్ధకం కాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను భయం ఉండనే ఉంది: 1839 నవంబరులో కోరంగిని, 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ముంచినవి ఆ కాలపు తుపాన్లే. ఓడ వరస ఆ నెలల్లో మన తీరం దగ్గర తెగిపోతే తుపాను వార్తలు ముందు చూడండి.

ఓడలు మానేశాక ఇక్కడే ఉండిపోయిన కెప్టెన్లు కొందరు మాస్టర్ అటెండెంట్లు అయ్యారు, అంటే రేవు అధికారులు. వీళ్ల కోసం ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెట్, మద్రాసు అసైలమ్ ప్రెస్ ఆల్మనాక్ చూడాలి. సమాధులు, పెళ్లిళ్ల వివరాలకు ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ డేటాబేస్, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు.

డబ్బు, ప్రమాదం

బ్రిటిష్ ఓడ యాజమాన్యాన్ని 64 వాటాలుగా లెక్కగడతారు. కెప్టెన్‌కు అందులో నాలుగో ఎనిమిదో ఉండేవి కొన్నిసార్లు. రిజిస్ట్రీ నకళ్లు క్యూలో బీటీ 107, 108, 110 శ్రేణుల్లో ఉన్నాయి. వాటా ఉన్న కెప్టెన్ ఒకే ఓడ మీద పదేళ్లు ఉండటం సహజం; జీతానికి వచ్చినవాడు ఓడలు మారుతూ ఉంటాడు. ఈ ఒక్క తేడాతో చాలా చిక్కుముళ్లు విడిపోతాయి.

ఓడ మునిగితే బోర్డ్ ఆఫ్ ట్రేడ్ (బ్రిటిష్ ప్రభుత్వ వాణిజ్య శాఖ) విచారణ జరిగి ఉండవచ్చు. 1876 నుంచి వచ్చిన ఆ నివేదికలను సౌతాంప్టన్ నగర గ్రంథాలయం ఆన్‌లైన్‌లో పెట్టింది. సర్టిఫికెట్‌ను మూడు నెలలో ఆరు నెలలో సస్పెండ్ చేస్తే అక్కడ ఉంటుంది. చనిపోయినవాడి ఆస్తి వివరం 1858 నుంచి ఇంగ్లండ్, వేల్స్ ప్రొబేట్ క్యాలెండర్లో చూడొచ్చు.

పట్టిక, ఖాళీలు

దొరికినదాన్నంతా ఒకే పట్టికలో వేయండి. ఒక్కో ప్రయాణానికి ఒక్కో వరస: ఓడ పేరు, నంబరు, హోదా, చేరిన తేదీ, చోటు, దిగిన తేదీ, చోటు, ఆధారం. ఆధారం గడి ఖాళీగా వదిలిన వరస ఆరు నెలల తర్వాత మీకే పనికిరాదు. లాయిడ్స్ రిజిస్టర్ అంచనాను ఒక రంగులో, ఒప్పందం నుంచి తీసుకున్న తేదీని మరో రంగులో రాయండి.

ఖాళీలు తప్పవు. రెండు మూడు నెలలైతే రెండు ఓడల మధ్య ఇంట్లో ఉన్నాడు, లేదా పరీక్ష కోసం రేవులో చదువుకుంటున్నాడు. ఆ సమయంలో సర్టిఫికెట్ హోదా మారిందేమో చూడండి. ఏడాది పైన అయితే నాలుగు కారణాలు వరసగా పరిశీలించండి: విచారణలో సస్పెన్షన్, జబ్బు, తీరప్రాంతపు ఓడ, విదేశీ జెండా. 1870ల తర్వాత అయితే ఆవిరి ఓడ కంపెనీలో కింది హోదాకు చేరడం కూడా. 1869 నవంబరు 17న సూయెజ్ కాలువ తెరిచారు; కట్టీ సార్క్ జలప్రవేశం అయిదు రోజుల తర్వాత, నవంబరు 22న. చైనా తేయాకు తెచ్చే తెరచాప ఓడల కాలం అప్పటికే కొండెక్కుతోంది. ఆ ఓడ మొదటి కెప్టెన్ జార్జ్ మూడీ 1872లో హిందూ మహాసముద్రంలో చుక్కాని పోగొట్టుకుని, సముద్రం మీదే కొత్తది చేయించి, లండన్ చేరాక దిగిపోయి ఆవిరి ఓడలకు మారాడు. తెరచాప ఓడల జాబితాలో మాత్రమే వెతికేవాడికి మూడీ 1872తో మాయమైపోతాడు.

చివరగా కోరంగి, కాకినాడ, భీమిలి నుంచి తీరం వెంట, రంగూన్ దాకా తిరిగిన దేశీయ పడవలు. వాటిని నడిపిన తండేళ్లు, సరంగులు బ్రిటిష్ సర్టిఫికెట్ పరీక్ష రాసినవాళ్లు కారు. పైన చెప్పిన ఏ రిజిస్టరులోనూ తగలరు. వాళ్ల కోసం రేవు కస్టమ్స్ లెక్కలు, జిల్లా కలెక్టరేట్ రికార్డులు, కుటుంబాల్లో మిగిలిన అప్పు పత్రాలు వెతకాలి. అక్కడ నంబర్లు ఉండవు. పడవ పేరు, యజమాని ఇంటిపేరు, ఊరు, ఈ మూడింటినీ కలిపి పట్టుకోవడమే.